రివెట్ల సోకు, ఉక్కు లెక్క

పాతకాలపు వాలకంతో చిన్న జలాంతర్గామిని ఇంటి షెడ్డులోనే కట్టుకునేవాళ్లున్నారు. వాళ్ల పనితనంలో నాకు నచ్చేది, సోకు ఎక్కడ ఆగాలో తెలియడం. ఆ రివెట్ల వరసలు, పళ్లు తేలిన వెన్ను 1954 నాటి డిస్నీ సినిమాకు హార్పర్ గాఫ్ గీసిన నాటిలస్ అనే జలాంతర్గామి పెట్టిన మోజు. ఆ సినిమాకు మూలమైన జూల్ వెర్న్ నవలలోదైతే చుట్ట ఆకారపు ఓడ!

నీటిలో దిగే ప్రతి 10 మీటర్లకూ సుమారు ఒక వాతావరణ పీడనం అదనంగా మీద పడుతుంది. దాన్ని కాసేది లోపలి ఉక్కు గొట్టం, దాని వెల్డింగు. రివెట్లుండేది పైతొడుగు మీద. అందులోకి నీళ్లు ధారాళంగా వచ్చిపోవాలి. గుండ్రటి కిటికీ మాత్రం ఉత్త అలంకారం కాదు, మూలలుంటే ఒత్తిడంతా అక్కడే చేరుతుంది. ఇత్తడి చట్రం ముచ్చటగానే ఉంటుంది కానీ, ఉప్పునీటిలో నేరుగా ఉక్కును తాకితే ఉక్కు త్వరగా తుప్పుపడుతుంది.

అసలు చిక్కు బరువుతో. సముద్రంలో ఒక ఘనమీటరు చోటు మునగాలంటే సుమారు 1,025 కిలోలు కావాలి. విశాలమైన గది కోరితే అంత సీసమూ మోయాలి. అందుకే ఇలాంటివాటిలో మోకాళ్లు ముడుచుకు కూర్చోవడం!

1894లో అమెరికాలో సైమన్ లేక్ పైన్ చెక్కలను రెండు పొరలుగా పేర్చి, మధ్య కాన్వాసు పెట్టి ఆర్గొనాట్ జూనియర్ అనే జలాంతర్గామి కట్టాడు. చేత్తో పిడి తిప్పితే నీటి అడుగున చక్రాల మీద నడిచేది. గాలి నిల్వకు సోడా అంగడి ట్యాంకు. పాతరూపం కావాలనేవాళ్లు గాఫ్ బొమ్మకన్నా ముందు ఈ చెక్కపెట్టెను చూడాలంటాను.