నిదానంగా పట్టి, వేగంగా చూపి

అండమాన్‌లో విశాఖ, చెన్నై ఓడలు వచ్చి ఆగే హాడో రేవుకు దగ్గర్లో ఉండే ఒక తెలుగు కుర్రాడి పనితనమంటే నాకు ఎంతో ఇష్టం. స్నేహితులు ఆడిన కౌంటర్-స్ట్రైక్ ఆటలను వీడియోలుగా ఎడిట్ చేసిపెడతాడు. కంప్యూటర్ పాతది, సెకనుకు 15 ఫ్రేములకు మించి లాగలేదు. అందుకని డెమో ఫైలును నాలుగో వంతు వేగంతో నడిపి రికార్డు చేస్తాడు. డెమోలో ఉండేవి బొమ్మలు కావు. ఎవరు ఎటు కదిలారు, ఎప్పుడు పేల్చారు అన్న లెక్క. కాబట్టి ఎంత నెమ్మదిగా నడిపినా ఆట చెడదు. అలా పట్టిన 16 సెకన్ల ముక్కలో 240 ఫ్రేములుంటాయి. డావించీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని 400 శాతం చేస్తే అదే 4 సెకన్లు, సెకనుకు నిండుగా 60 ఫ్రేములు. ఒక్కటీ పోదు! అయితే టైమ్‌లైన్‌ను ముందే 60కి పెట్టుకోవాలి. 15 దగ్గరే వదిలేస్తే నాలుగింట మూడు ఫ్రేములు గాలికి పోతాయి. తొందరపడేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. శబ్దం సంగతి మరీ సున్నితం. వేగం పెంచితే తుపాకి మోత పిట్టకూతలా సన్నబడుతుంది. అందుకే డెమోను మామూలు వేగంతో మరోసారి నడిపి, బొమ్మ కుదుపులతో వచ్చినా పట్టించుకోకుండా శబ్దం ఒక్కటే తీసుకుంటాడు. తుపాకి గొట్టం కొసన నిప్పు మెరిసిన ఫ్రేము దగ్గర ఆపి, శబ్ద తరంగం ఎగిసిన చోటును సరిగ్గా దాని కిందికి జరుపుతాడు. ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయినా మళ్లీ మొదలు. వీడియో చూసిన స్నేహితులు "అన్నా, ఇది నిజంగా నేనాడిందేనా?" అని అడుగుతూ, మళ్లీ మళ్లీ వేయించుకుంటారు.