విలన్ లేని నవల

నవలలు రాసేవాళ్ళకి ఏ కాగితం చేతికొచ్చినా అందులో కథ వెతుక్కునే జబ్బొకటి వుంటుంది. మొన్న ఆదివారం కొండాపూర్‌లో మా ఇంటికొచ్చిన అక్కయ్య కూతురు, "పిన్నీ! ఇది కాస్త చూడు" అంటూ మూడు పేజీల కాగితం నా ముందు పడేసింది. గచ్చిబౌలి వైపున్న వాళ్ళ కాలేజీ హాస్టల్ వారు ఆడపిల్లల రక్షణ కోసం ఇచ్చిన నియమాలట. కాలేజీ పేరెందుకు లెండి! ఇలాంటి కాగితం మీలో చాలామంది ఇళ్ళలోనూ ఫ్రిజ్ తలుపుకి అంటించే వుంటుంది.

పకోడీల వాయి తీస్తూ చదివాను. రాత్రి ఎనిమిది దాటాక బయట వుండరాదు. ఒంటరిగా నడవరాదు. నిండుగా బట్టలు వేసుకోవాలి. కాంటీన్‌లో మగపిల్లలతో ఎక్కువసేపు కూర్చోరాదు. మొత్తం 22 నియమాలు! విమర్శకురాలిగా చెప్పాలంటే శైలి బిగువుగానే వుంది, ఒక్క పొల్లుమాట లేదు. కానీ ఎంత వెతికినా విలన్ కనిపించలేదు. అన్ని వాక్యాల్లోనూ కర్త ఆడపిల్లే. ఆమె నడవరాదు, ఆమె నవ్వరాదు, ఆమె ఆలస్యం చెయ్యరాదు. మరి ఆ రెండోవాడు? వానలాగా ఎక్కణ్ణించో వచ్చి పడతాడు కాబోలు. గొడుగు తెచ్చుకోకపోవడం మన తప్పు!

పాత్రచిత్రణలో ఇంకో లోపం. ఈ కనిపించని విలన్ ఎప్పుడూ చీకట్లో పొంచి వున్న పరాయివాడే. అలాంటివాళ్ళు లేరని నేననను. 2013 అక్టోబరులో మాదాపూర్‌లో కారెక్కిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగినికి జరిగిన ఘోరం 'అభయ' కేసుగా మనందరికీ గుర్తే. మరుసటి ఏడు అక్టోబరులోనే హైదరాబాదులో షీ టీమ్స్ మొదలయ్యాయి. మరి 2022 డిసెంబరులో గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయం సంగతో? ఒక ఆచార్యుడు తన మీద అఘాయిత్యానికి ప్రయత్నించాడని ఒక విదేశీ విద్యార్థిని ఫిర్యాదు చేసింది. విద్యార్థులు గేటు దగ్గర బైఠాయించారు. పోలీసులు ఆయన్ని అరెస్టు చేశారు, విశ్వవిద్యాలయం సస్పెండ్ చేసింది. మన కాగితంలో 'గురువుగారిని కలవరాదు' అన్న నియమం లేదు. పోనీ రాద్దామా అంటే చదువే ఆగిపోతుంది!

ఈ కాగితం పక్కన పెట్టుకుని చదవాల్సిన రచన మరొకటి వుంది. లైంగిక వేధింపుల నివారణకి యూజీసీ వారు తెచ్చిన '2015 నిబంధనలు'. భాష ఇనుప గుగ్గిళ్ళే, ఒప్పుకుంటాను. కానీ రక్షణ పేరు చెప్పి, మగపిల్లలకి లేని ఆంక్షలు హాస్టళ్ళలో ఆడపిల్లలకి పెట్టకూడదని అందులో వుంది సుమండీ! ప్రతి కాలేజీలోనూ ఫిర్యాదుల కమిటీ వుండాలి. సీనియర్ అధ్యాపకురాలు దానికి అధ్యక్షురాలు. సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలు, బయటి సంస్థ నుంచి ఒకరు, విద్యార్థుల వ్యవహారమైతే ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు. రిజిస్ట్రార్లు, డీన్లు వంటి పెద్దలు సభ్యులుగా వుండకూడదు. మూడు నెలల్లోగా ఫిర్యాదు చెయ్యాలి, 90 రోజుల్లో విచారణ ముగియాలి. ఆ సభ్యుల్ని ఎలా కలవాలో అందరికీ తెలియజెప్పాలి కూడాను.

"మూడు నెలలు దాటిపోతే ఇంక చెప్పుకోకూడదా, పిన్నీ?" అంది పిల్ల.

చేతిలో జల్లిగరిట అలాగే ఆగిపోయింది.

"వరసగా జరుగుతుంటే ఆఖరిసారి నుంచి లెక్క. ఎందుకమ్మా?"

లాబ్‌లో ఒక సీనియరట. సంక్రాంతి సెలవుల ముందునుంచీ వెంటపడుతున్నాడు. వద్దని రెండుసార్లు చెప్పిందట. "అమ్మకి చెప్పకు, చదువు మానిపించేస్తుంది. నా ఫ్రెండ్స్ ఏమో, అంత ప్రేమిస్తున్నాడే, మీ పిన్ని నవల్లో హీరోలాగా అంటున్నారు."

నిజం చెప్పొద్దూ, నా తల తిరిగిపోయింది. నా మొదటి సీరియల్లో హీరో పద్దెనిమిది వారాలు హీరోయిన్ వెంట తిరుగుతాడు. పందొమ్మిదో వారం ఆమె నవ్వుతుంది. మీరంతా ఎన్ని ఉత్తరాలు రాశారు! వద్దన్నాక కూడా పదేపదే వెంటపడటం 2013 నుంచి మన చట్టంలో నేరం. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను. మొదటిసారికే మూడేళ్ళ దాకా జైలు. ఆ కాగితంలో విలన్ లేడని వెక్కిరించాను గానీ, నా నవల్లో అతనికి హీరో వేషం కట్టింది నేనే కదా!

సోమవారం ఇద్దరం కలిసి కాలేజీకి వెళ్ళాం. కమిటీ అధ్యక్షురాలెవరో తెలుసుకోవడానికి మూడు గదులు తిరగాల్సి వచ్చింది. చివరికావిడ దొరికారు. ఫిర్యాదు తీసుకున్నారు, సంతకం పెట్టి రసీదు ఇచ్చారు. ఏమవుతుందో చూడాలి.

అక్కయ్యకి మాత్రం ఇంకా చెప్పలేదు. ఈ పత్రిక వాళ్ళింటికీ వెళ్తుంది. అక్కయ్యా! చదివాక పిల్లకి ఫోను చెయ్యి. చదువు మానిపించనని, ముందు ఆ ఒక్క మాటా చెప్పు. మిగతా అక్కయ్యలూ! మీ ఫ్రిజ్ మీద కాగితంలో ఆ కమిటీ పేర్లున్నాయేమో, కాస్త లేచి చూస్తారా?