ఆతతాయి శబ్దవిచారము

ఇంటిలోఁ జొచ్చినవానిని తుపాకితోఁ గాల్చుట ధర్మమా యను చర్చలో నేఁటివారు కొందఱు మనువు నాశ్రయించి, ఆతతాయి యెవఁడైనను విచారింపక చంపఁదగును అని తెనిఁగించుచున్నారు. ఈ యనువాదమున నొక పదము జాఱిపోయినది.

ఎనిమిదవ యధ్యాయమున 350వ శ్లోకమునందు ఆతతాయికి 'ఆయాంతమ్' అను విశేషణము గలదు. అది శతృప్రత్యయాంతము, వర్తమానార్థకము. మీఁదికి వచ్చుచున్నవాఁడని యర్థము. వెనుదిరిగి పాఱువాఁడు గాఁడు. విచారింపక యనుటయు గురువా, బాలుఁడా, వృద్ధుఁడా యను విచారమునే త్రోసివేయును గాని, వచ్చుచున్నాఁడా లేదా యను విచారమును గాదు. శబ్దవ్యుత్పత్తియు నిట్లే యున్నది: ఎక్కుపెట్టిన వింటితో నడచువాఁడు ఆతతాయి. శతరుద్రీయమునఁ దైత్తిరీయులు ఆతతావి యని పఠింతురు, వాజసనేయులు ఆతతాయి యని. రెంటను నారి సాగియే యున్నది. వసిష్ఠుఁడు చెప్పిన యార్గురిలో ధనాపహారియు నుండుటచే గోడ దూఁకిన ప్రతివాఁడు నాతతాయి యే యందురు. అపహరించుచున్నపుడు గదా!

1860 నాఁటి శిక్షాస్మృతి 103వ ప్రకరణమున రాత్రివేళ కన్నము వేయువాని వధ నంగీకరించియు, రక్షణకు వలసినదానికి మించిన హింసను 99వ దానిచే నిషేధించినది. 2023 నాఁటి భారతీయ న్యాయసంహిత 41, 37 ప్రకరణములు దాని ననుసరించినవి. రాత్రి యనుటకు మాఱుగా సూర్యాస్తమయోదయముల నడిమి కాల మనుట మాత్రము మెఱుగు.

వింటినారి కంటికిఁ గనఁబడును. చీఁకటిలోఁ దుపాకి పట్టిన గృహస్థునకు వచ్చునది దొంగయో, ప్రొద్దుపోయి యిల్లు చేరిన కొడుకో తెలియదు. కావున ఆ పదమును 'ఆయుధమెత్తి మీఁదికి వచ్చుచున్నవానిని' అని తెనిఁగింపవలెను. ఆతతాయి యని యట్లే నిలిపినను శతృప్రత్యయమును విడువరాదు.