పాట మనదే, పాడేవాడెవరు?

మాదాపూర్‌లో నేను పనిచేసే ఆఫీసు క్యాంటీన్‌లోంచి సైబర్ టవర్స్ గుండ్రటి గోడ కనిపిస్తుంది. 1998లో వాజ్‌పేయి దాన్ని ప్రారంభించినప్పుడు నేను జిల్లాలో, తెలుగు మీడియం సర్కారు బడిలో చదువుతున్నాను. ఇవాళ దాని ఎదురుగానే కూర్చుని రోజూ టిఫిన్ బాక్సు విప్పుకుంటున్నాను.

ఆ క్యాంటీన్‌లో ఒకరోజు వాదన లేచింది. బ్రిటిష్ రాక్ బ్యాండ్లలో అన్నిటికన్నా గొప్పది ఏది? ఒకరు బీటిల్స్ అన్నారు, ఒకరు పింక్ ఫ్లాయిడ్ అన్నారు, ఇంకొకరు లెడ్ జెపెలిన్ తప్ప మిగతావి బ్యాండ్లే కావన్నారు. ఎవరో యూటూ పేరు చెప్పగానే, వాళ్లు ఐరిష్‌వాళ్లు, లెక్కలోకి రారని కొట్టేశారు. జిమీ హెండ్రిక్స్ సంగతేమిటి? మనిషి అమెరికన్, కానీ ఎక్స్‌పీరియన్స్ బ్యాండ్ కట్టింది లండన్‌లో, మిగతా ఇద్దరూ ఇంగ్లీషువాళ్లు. దానిమీద పావుగంట. నేను క్వీన్ అన్నాను. 'క్వీన్ అంటే ఫ్రెడ్డీ మెర్క్యురీ కదా, ఆయన మనవాడే' అన్నాడు పక్కనున్న మిత్రుడు. 'కాదు, పక్కా బ్రిటిషర్' అన్నారు ఎదుటివాళ్లు. పుట్టుకా, రక్తమా, పాస్‌పోర్టా, పాట కట్టిన ఊరా? దేన్నిబట్టి మనిషిని ఒక దేశంవాడు అనాలి? ఆ మధ్యాహ్నం మా బల్ల దగ్గర ప్రపంచంలోని పౌరసత్వ చట్టాలన్నీ చర్చకొచ్చాయి.

చివరికి అందరూ ఒప్పుకున్న తీర్పు ఇది: ఎక్కడ బతికాడో, ఎక్కడ పనిచేశాడో, ఎక్కడ పాట కట్టాడో, వాడు అక్కడివాడు. ఎంత ఉదారమైన తీర్పు! నాకు చాలా సంతోషమేసింది.

అదే వారం ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్ ఉంది. చేతులు కడుక్కుంటుంటే ఆ మిత్రుడే భుజం తట్టి 'ఏం భాయ్, ఎల్లుండి మీ టీమ్ గెలుస్తుందా?' అన్నాడు. చెడ్డవాడు కాదు. రంజాన్‌కు మా ఇంటి షీర్ ఖుర్మా అడిగి మరీ తిన్నవాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. 'మీ టీమ్' అన్న ఆ రెండు మాటలు మాత్రం మధ్యాహ్నం అన్నంతోపాటు దిగలేదు.

ఎక్కడో జాంజిబార్‌లో పుట్టినవాడికి ఇచ్చిన తీర్పు ఇక్కడే పుట్టిన నాకు ఎందుకు వర్తించదు? ఆ ప్రశ్న పట్టుకుని ఫ్రెడ్డీ కథను మళ్లీ చదువుకున్నాను.

ఆయన అసలు పేరు ఫరూఖ్ బుల్సారా. 1946లో జాంజిబార్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు గుజరాత్ మూలాలున్న పార్సీలు. చదివింది మన పంచగని బోర్డింగు బడిలో. పియానో మీద చెయ్యి తిరిగిందీ, మొదటి బ్యాండు కట్టిందీ అక్కడే. ఫరూఖ్ ఫ్రెడ్డీ అయిందీ అక్కడే. 1964లో జాంజిబార్‌లో తిరుగుబాటు వచ్చి కుటుంబం ఇంగ్లండ్ పారిపోయింది. ఆ కుర్రవాడు హీత్రూ విమానాశ్రయంలో సామాన్లు మోశాడు. 1970లో క్వీన్ పుట్టింది. 1985లో లైవ్ ఎయిడ్ వేదిక మీద ఇరవై నిమిషాల్లో లోకాన్ని గెలుచుకున్నాడు. 1991లో చనిపోతే అంత్యక్రియలు జొరాస్ట్రియన్ పద్ధతిలో జరిగాయి.

బతికున్నంతకాలం ఆయన తన పుట్టుక గురించి మాట్లాడింది చాలా తక్కువ. అభిమానులు దాన్ని వినయం అంటారు, వ్యక్తిగతం అంటారు. నాకలా అనిపించదు. ఫరూఖ్ అనే పేరుతో ఆ కాలపు ఇంగ్లండ్‌లో రికార్డు కంపెనీ తలుపు తట్టి ఉంటే? 1968 మార్చిలో అక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసింది. తూర్పు ఆఫ్రికాలోని ఆసియా సంతతివాళ్ల దగ్గర బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నా సరే, తామో తల్లిదండ్రులో తాతలో బ్రిటన్‌లో పుట్టిన సంబంధమేదో చూపించకపోతే నేరుగా రానివ్వరు. ఆ చట్టంలో రంగు అనే మాట లేదు. తాత అనే మాట చాలు. ఎవరి తాతలు ఎక్కడ పుట్టారో చట్టం రాసినవాళ్లకు తెలుసు. తాతల కాగితాలు అడగడమంటే ఏమిటో 2019 తర్వాత మనకు వేరే చెప్పక్కర్లేదు. ఆ డిసెంబరులో వచ్చిన పౌరసత్వ సవరణ చట్టం మూడు దేశాలనుంచి వచ్చిన ఆరు మతాల వాళ్ల పేర్లు రాసింది. పార్సీల పేరు ఉంది. ముస్లింల పేరు లేదు. ఫరూఖ్ అనే పేరు పార్సీలకూ ఉంటుంది, మాకూ ఉంటుంది. పేరు ఒకటే, గేటు దగ్గర లెక్క వేరు.

ఇప్పుడు మరొకడి సంగతి. ఎరిక్ క్లాప్టన్. గిటారు పట్టినవాళ్లంతా దండం పెట్టుకునే మనిషి. ఆయన సంగీతానికి ప్రాణం అమెరికా నల్లవాళ్ల బ్లూస్. జమైకావాడు బాబ్ మార్లే పాటను 1974లో పాడి అమెరికాలో నెంబర్ వన్ కొట్టాడు. అదే క్లాప్టన్ 1976లో బర్మింగ్‌హామ్ వేదిక మీద తాగి, వలస వచ్చినవాళ్లను పంపించెయ్యాలనే ఇనాక్ పావెల్‌ను పొగిడాడు. నల్లవాళ్ల పాట కావాలి, నల్లవాళ్లు వద్దు. ఆ మాటకు మండిపడ్డ ఇంగ్లీషు కుర్రాళ్లే 'రాక్ అగైనెస్ట్ రేసిజం' ఉద్యమం లేవదీశారు. 1978లో లండన్ విక్టోరియా పార్కులో వేలాదిమంది ముందు క్లాష్ బ్యాండ్ పాడింది. చాలా ఏళ్ల తర్వాత క్లాప్టన్ సిగ్గుపడుతున్నానన్నాడు. మంచిదే. కానీ ఆ రోజు ఆయన నోటినుంచి వచ్చింది ఆయన ఒక్కడి మాట కాదు. పాటను ఇంట్లోకి రానిచ్చి పాడేవాడిని గుమ్మం దగ్గర ఆపడం ప్రతి మెజారిటీకీ అలవాటే.

1990లో నార్మన్ టెబిట్ అనే బ్రిటిష్ నాయకుడు ఇంకో పరీక్ష కనిపెట్టాడు. వలస వచ్చినవాళ్లు క్రికెట్‌లో ఎవరివైపు చప్పట్లు కొడతారో చూస్తే విధేయత తేలిపోతుందన్నాడు. ఇంగ్లండ్‌లో ఆ పరీక్ష ఎదుర్కొన్నవాళ్లలో మన గుజరాతీలు, పంజాబీలు ఉన్నారు. ఇది అన్యాయమని ఇక్కడ మన పత్రికలన్నీ గగ్గోలుపెట్టదగిన విషయమే. మరి అదే పరీక్ష ఇక్కడ గల్లీ గల్లీలో నడుస్తుంటే? ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' రాసినప్పుడు క్రికెట్ కొలబద్ద ఆ కవితలోకి ఊరికే రాలేదు. దశాబ్దాలు గడిచాయి. కవిత పాతబడలేదు. పాతబడకపోవడం కవితకు గౌరవమే, దేశానికి కాదు.

మా సైబరాబాద్‌కు తనదైన పరీక్ష ఉంది. 2000 తర్వాత కాల్‌సెంటర్లు వరదలా వచ్చినప్పుడు రాత్రి షిఫ్టు పిల్లలకు ఇంగ్లీషు పేర్లు తగిలించారు. మా టోలిచౌకి సలీం రాత్రి తొమ్మిదికి శామ్ అయ్యేవాడు. బర్మింగ్‌హామ్ ముసలమ్మతో అక్కడి వాన గురించి మాట్లాడేవాడు. ఎనిమిది గంటలపాటు వాడు నిఖార్సయిన బ్రిటిషర్. ఎవరూ అనుమానించలేదు. తెల్లారి క్యాబు దిగి కొండాపూర్‌లో టూ-లెట్ బోర్డు చూసి తలుపు కొడితే, ఇంటాయన మొదట అడిగింది పేరు. సలీం అని చెప్పగానే 'వెజిటేరియన్లకే ఇస్తున్నామండీ' అన్నాడు. ఆ ఇంటి మేడ మీదికి ప్రతి ఆదివారం బిర్యానీ పార్శిల్ వస్తుందని కింద కిరాణా కొట్టువాడే చెప్పాడు. బిర్యానీకి ఇల్లు దొరికింది. వండేవాడికి దొరకలేదు. మరీ చిత్రం చూడండి, అక్కడికి దగ్గర్లోనే, రాయదుర్గం దాటితే హుస్సేన్ షా వలీ దర్గా ఉంది. హుస్సేన్ సాగర్‌కు ఉన్నది ఆయన పేరే.

ఇంకా మన దగ్గరికే రండి. మర్ఫా లేకుండా హైదరాబాద్ బారాత్ కదలదు. హిందువుల పెళ్లిళ్లలో వాయిస్తారు, గణేష్ నిమజ్జనంలో వాయిస్తారు. ఆ దెబ్బ ఎక్కడిది? నిజాం కొలువులోకి వచ్చిన యెమెన్ అరబ్బులదీ, ఆఫ్రికా సిద్దీలదీ. అరబ్బు సిపాయిలు ఉన్న చోటు బార్కస్. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న బస్తీ ఏసీ గార్డ్స్. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత ఆ అరబ్బుల్ని విదేశీయులని పట్టి నిర్బంధించారు. ఎందరినో ఓడ ఎక్కించి పంపారు. తరాలుగా ఇక్కడే ఉండి, ఇక్కడి ఆడపిల్లల్ని పెళ్లాడి, దక్కనీలో కలలు కన్నవాళ్లు రాత్రికి రాత్రి పరాయివాళ్లయ్యారు. డప్పు మాత్రం హైదరాబాదీగా ఉండిపోయింది. క్లాప్టన్‌ను తిట్టేముందు మనం ఈ సంగతి గుర్తుపెట్టుకోవద్దా?

వేలు ఒకవైపే చూపిస్తే నేను అబద్ధం చెప్పినట్టే. మావాళ్ల సంగతీ చెప్పాలి. లండన్‌లో పుట్టిన క్యాట్ స్టీవెన్స్ 1977లో ఇస్లాం స్వీకరించి యూసుఫ్ ఇస్లాం అయ్యాడు. తండ్రి గ్రీకు సైప్రియట్, తల్లి స్వీడన్ మనిషి. ఆయన మా మొహల్లాలో అందరికీ 'అప్నా ఆద్మీ'. మరి ఆయన ఏళ్లతరబడి గిటారు పక్కన పెట్టేసినప్పుడు శభాష్ అన్నవాళ్లూ మాలోనే ఉన్నారు. మేము గాయకుడిని రానిచ్చి పాటను గుమ్మం దగ్గర ఆపాం. ఇంకా దగ్గరి మాట. ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకుల పిల్ల పట్నం వచ్చి ఉర్దూ తడబడితే, 'మీరు అసలు ముసల్మాన్లేనా?' అని నవ్వింది మా షరీఫ్ ఖాందాన్లే కదా. నన్నూ అడిగారు. తెలుగులో రాస్తానంటే వింతగా చూశారు. క్యాంటీన్‌లో నేను సగం భారతీయుణ్ని, దావత్‌లో సగం ముస్లింని. రెండు సగాలూ కలిపితే నేను మొత్తం మనిషిని అవుతానని ఇరువైపులా ఎవరికీ తట్టదు.

'ఫ్రెడ్డీ మనవాడే' అన్న మిత్రుడి గర్వాన్ని నేను కాదనను. కానీ ఆ మాట వెనక రక్తం లెక్క ఉంది. రక్తంతో ఫ్రెడ్డీని ఇటు లాక్కుంటే, అదే లెక్కతో టెబిట్ మన గుజరాతీని అటునుంచి తోసేస్తాడు. మనకు కీర్తి తెచ్చేవాడి దగ్గర ఒక లెక్క, పక్కింట్లో అద్దెకు దిగేవాడి దగ్గర ఒక లెక్క కుదరదు. నేను దయ అడగడంలేదు. ఆ మధ్యాహ్నం మా బల్ల దగ్గర మీరు ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పునే అమలు చెయ్యమంటున్నాను. ఎక్కడ బతికాడో, ఎక్కడ చెమటోడ్చాడో, ఎక్కడ పాట కట్టాడో, వాడు అక్కడివాడు.

ఆఫీసు వార్షికోత్సవంలో ప్రతి ఏడూ 'బొహీమియన్ రాప్సొడీ' పెడతారు. 1975 నాటి ఆ పాట నడుమ 'బిస్మిల్లా' అనే మాట వస్తుంది. అక్కడికి రాగానే హాలు హాలంతా గొంతెత్తి అరుస్తుంది. మేనేజర్లు, సెక్యూరిటీవాళ్లు, ఆ మిత్రుడు, అందరూ. నేనూ అరుస్తాను. అన్నం ముద్ద ఎత్తే ముందు అమ్మీజాన్ రోజూ నోట్లో గొణుక్కునే మాట అది. క్యాంటీన్‌లో బాక్సు విప్పి నేను అదే మాట మెల్లగా అనుకున్నప్పుడు మాత్రం, పక్కనున్న మిత్రుడు ఒక్క క్షణం తినడం ఆపి నావైపు చూస్తాడు.

ఆ క్షణం గురించే ఇదంతా రాశాను.