చెరకుపిప్పి విద్యుత్తు: మారిషస్ దీవి నేర్పు లెక్క

వేసవిలో నాంపల్లి స్టేషను నుండి ఆబిడ్సు వైపు నడచునపుడు చెరకురసము తీయు యంత్రముల ప్రక్క పిప్పి కుప్పలుగా పడియుండుట కనబడును. చూచువారికి అది చెత్త. హిందూ మహాసముద్రములోని మారిషస్ దీవిలో ఈ పిప్పియే బాయిలర్లలో మండి దేశమునకు విద్యుత్తు నిచ్చుచున్నది. ఆ దీవితో తెలుగువారికి పాత సంబంధమున్నది. పందొమ్మిదవ శతాబ్దమున కాకినాడ సమీపమునందలి కోరంగి రేవు పేరుమీదనే, అక్కడి చెరకుతోటలకు కూలిపనికి వెళ్లిన తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచిరి. మూడవ ప్రపంచ తెలుగు మహాసభ 1990లో అక్కడనే జరిగినది.

బొగ్గు, చమురు మండించుట మాని తరగని వనరులతో విద్యుత్తు చేసికొనుటకు చిన్న ద్వీప దేశములు ఆదర్శమని తరచు చెప్పుచుందురు. దేశము చిన్నది, ఎండయు గాలియు పుష్కలము, కనుక పని సులభము అని ఆ వాదము. మారిషస్ అనుభవమును పరిశీలించినచో ఇందులో సగమే నిజమని తేలును.

ముందుగా మెచ్చుకొనదగిన విషయము. 1957లో సెయింట్ ఆంట్వాన్ చక్కెర కర్మాగారము తన అవసరము తీరగా మిగిలిన విద్యుత్తును దేశపు తీగలకు ఇచ్చినది. ఒక టన్ను చెరకును గానుగాడినచో సుమారు 300 కిలోల పిప్పి వచ్చును; దానిలో సగము తేమయే. పూర్వపు బాయిలర్లు ఈ పిప్పిని ఎట్లో మండించి వదలించుకొనుటకే పనికివచ్చెడివి. అధిక పీడనముతో పనిచేయు క్రొత్త బాయిలర్లు వచ్చిన తరువాత టన్ను చెరకుకు నూరు యూనిట్లకు పైగా విద్యుత్తు తీయుట సాధ్యమైనది. పిప్పి మండినపుడును బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, వెలువడును. అయితే ఆ వాయువు చెరకు పెరుగునపుడు గాలినుండి గ్రహించినదే. మరుసటి పంట దానిని తిరిగి తీసికొనును. భూగర్భములో కోట్ల సంవత్సరములు దాగియున్న బొగ్గు విషయములో ఈ జమాఖర్చు కుదరదు.

ఇక లోపములు. చెరకు కోత సుమారు జూన్ నుండి డిసెంబరు వరకే సాగును. తక్కిన నెలలలో అవే బాయిలర్లలో దిగుమతి చేసికొన్న బొగ్గును మండింతురు. చిమ్నీ ఒక్కటే, పొగ మాత్రము ఋతువును బట్టి మారును. కర్మాగారము పేరు చూచి ‘ఇది పునరుత్పాదక శక్తి’ అని ముద్ర వేయువారు ఏ నెల లెక్క చెప్పుచున్నారో అడుగవలసియున్నది.

రెండవ లోపము లక్ష్యమును నిర్ణయించిన తీరులో ఉన్నది. 2025 నాటికి విద్యుత్తులో నూటికి 35 వంతులు తరగని వనరులనుండి రావలెనని 2009లో ఆ దేశము ప్రణాళిక వేసికొన్నది. 2021లో గ్లాస్గో సమావేశ సందర్భమున లక్ష్యమును 2030 నాటికి 60 వంతులకు పెంచి, బొగ్గును పూర్తిగా మానెదమని ప్రకటించినది. కాని 2023లో వాస్తవముగా వచ్చినది ఐదవ వంతుకంటె తక్కువ. ఎండపలకలు పెరుగుచుండగా ఈ వాటా ఏల పెరుగలేదు? ఐరోపా సంఘము మారిషస్ చక్కెరకు హామీ ఇచ్చిన ధరను 2006 నుండి 2009 లోపల నూటికి 36 వంతులు తగ్గించినది. చెరకు గిట్టుబాటు కాక ఎందరో రైతులు సాగు మానిరి. చెరకు తగ్గగా పిప్పియు తగ్గినది. తొట్టిని ఒకవైపు నింపుచుండగా అడుగున చిల్లి పడినట్లైనది. పిప్పికి రైతులకు ఇచ్చు ధరను ఇటీవల పెంచిరి. ఆ పని చాల ముందే జరుగవలసినది. క్రొత్త యంత్రముల స్థాపనను లెక్కించిన ప్రణాళిక పాత వనరు నిలచునా అని తగినంతగా యోచింపలేదు.

మూడవది కిలోవాటుకును యూనిటుకును గల భేదము. ప్లేన్ దే రోష్ అనుచోట 2016 నుండి 11 గాలిమరలు పనిచేయుచున్నవి. వాటి మొత్తము సామర్థ్యము 9.35 మెగావాట్లు. సంవత్సరము పొడవునా గాలి నిండుగా వీచినచో 8 కోట్ల యూనిట్లకు పైగా రావలెను. నిజముగా వచ్చునది అందులో నాల్గవ వంతునకు లోపే. తుపానులు మరొక చిక్కు. మారిషస్‌కు చెందిన రోడ్రిగ్స్ దీవిలో తుపాను వచ్చునపుడు నేలకు వంచి పడుకోబెట్టగల గాలిమరలను నిలిపిరి. మెలకువ గల పనియే. కాని పడుకొన్న గాలిమర విద్యుత్తు నీయదు. ఆ వేళ దీవికి అప్పిచ్చు పొరుగు లేదు.

హైదరాబాదు కూడ ఒకప్పుడు ఇట్టి దీవియే. హుసేన్ సాగరు ఒడ్డున 1920లో నెలకొల్పిన బొగ్గు విద్యుత్కేంద్రము నగరమునకు వెలుగు నిచ్చిన రోజులలో, ఆ కేంద్రము ఆగినచో నగరమునకు మరొక ఆధారము లేదు. నేడు స్థితి వేరు. 2013 డిసెంబరు 31న దక్షిణ భారతపు విద్యుత్ వలయము దేశపు వలయముతో కలిసినది. నాంపల్లిలో ఒక మిద్దెమీది ఎండపలక సాయంకాలము నిద్రపోయినపుడు రామగుండము బొగ్గో, శ్రీశైలము నీరో ఆ లోటును తీర్చును. ఇంటివారికి ఆ సంగతి తెలియదు. పగటి మీటరు చూచి తాము పొగ మానితిమని తృప్తిపడుదురు. మారిషస్‌లో ఈ భ్రమకు తావు లేదు. అక్కడ సాయంత్రపు లోటు అదే రాత్రి అదే దీవిలో నూనెగానో బొగ్గుగానో మండును. 18 మెగావాట్ల బ్యాటరీలు అమర్చినను అవి క్షణక్షణపు హెచ్చుతగ్గులను సర్దుటకే. నెలల కొరతను తీర్చునవి కావు.

సుమారు పన్నెండున్నర లక్షల జనము గల దేశము పొగ మానినంత మాత్రమున భూగోళము చల్లబడదని కొందరందురు. అది నిజమే. కాని ఇంధనమంతయు ఓడలలో తెచ్చుకొను దేశమునకు మానిన ప్రతి టన్ను బొగ్గును మిగిలిన ధనమే. అందుచేత ఆ ప్రయత్నము గౌరవింపదగినది. దాని లెక్కలు మాత్రము శోధింపదగినవి. ఎన్ని మెగావాట్లు అమర్చిరి అనునది మొదటి ప్రశ్న మాత్రమే. సూర్యుడస్తమించిన తరువాతను, కోత ముగిసిన తరువాతను ఏమి మండినది అనునది అసలు ప్రశ్న.

ఉపాధ్యాయులు ఈ పాఠమును తరగతిలోనే ఆరంభింపవచ్చును. చెరకు బండి వద్ద ఒక కిలో పిప్పి తెచ్చి తూచి, నాలుగు రోజులు ఎండబెట్టి మరల తూయవలెను. పోయిన బరువు నీరు, మిగిలినదే ఇంధనము. ఆ పిప్పికి మూలమైన చెరకు ఏ నెలలలో దొరకునో బండివానిని అడిగి వ్రాసికొన్నచో, మారిషస్ ప్రణాళికలో తప్పిన లెక్క ఏదో విద్యార్థికే బోధపడును.