“మత్తు” అను మాట: ఒక విమర్శ

వైద్యమున వాడు మాట అందరి నోట పలికినంతమాత్రమున చాలదు. అది రోగిని పెడదారి పట్టించకూడదు. “మత్తు” అను మాట ఈ పరీక్షకు నిలువదు.

మోకాలి కీలు అరిగి, దానిని మార్పించుకొనుటకై మధిరలో రైలెక్కి ఖమ్మమునకో విజయవాడకో పోయిన వృద్ధునికి మొదట వినబడునది “మత్తు ఇస్తాము” అను మాటయే. స్పృహ పోగొట్టు మందు, నడుములో ఇచ్చి కాళ్లను మొద్దుబార్చు సూదిమందు, కోత తరువాతి నొప్పికై మోకాలి చుట్టు ఎక్కించు మందు, మార్ఫిన్ — అన్నియు “మత్తు”లే. కల్లు, సారాల మత్తు సరేసరి.

వీనిలో మోకాలి చుట్టు ఎక్కించు మందును చూడుడు. బుపివకైన్, రోపివకైన్ వంటివి నరపు పొరయందలి సోడియము ద్వారములను మూసివేయును. అందుచే నొప్పి వార్త మెదడునకు చేరదు. మెదడు మాత్రము మేలుకొనియే ఉండును. 2008లో సిడ్నీ వైద్యులు కెర్, కోహన్ ఈ పద్ధతిని 325 మంది తుంటి, మోకాలి రోగుల అనుభవముతో ప్రకటించిరి. వారిలో పెక్కుమంది 5, 6 గంటలలోనే ఇతరుల సాయముతో నడవగలిగిరి.

ఇట్టి మందును “మత్తు” అనుటవలన రెండు కీడులు కలవు. అలవాటగునేమో అను భయముతో రోగి మందు వలదని నొప్పిని ఓర్చుకొనును; నొప్పికి వెరచి మోకాలు వంచడు; కీలు బిగిసిపోవును. రెండవది ఇంకను ప్రమాదకరము. తొడ నరము వద్ద మందు ఎక్కించినచో తొడ కండరము కూడ బలహీనపడును. “నాకు తెలివిగానే ఉన్నది, మత్తు దిగినది” అని ఒంటరిగా లేచినవాడు కూలబడవచ్చును. మత్తు తలలో ఉండునని మాట నేర్పినది; మందు పనిచేయునది కాలిలో! పలుచోట్ల వైద్యులు మందును తొడ లోపలివైపున, మరికొంత దిగువను ఎక్కించుచున్నది ఈ కండరబలమును కాపాడుటకే.

మాట నాటుకొన్నది, మార్చనేల అని కొందరనవచ్చును. కాని “కాలు మొద్దుబారింది” అనుట పల్లెలో అందరికి తెలిసినదే. “మొద్దుబార్చే మందు” అన్నచో ఎక్కడ, ఎంతసేపు అని రోగియే అడుగును. స్పృహ పోగొట్టుదానికి “మత్తు”ను ఉంచుకొందము.

నాడీమండల పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయులు ఈ భేదమును చూపవలెను. శస్త్రచికిత్సకు పోవు తాతకు, అమ్మమ్మకు దానిని వివరించువారు ఆ తరగతిలోనే కూర్చుండి ఉందురు.