దెయ్యాల బొమ్మలూ, పదమూడేళ్ళ పిల్లలూ

సెలవులొచ్చాయంటే పిల్లలున్న ఇళ్ళలో ఒక తగాదా ఖాయం. "ఆ దెయ్యం సినిమా చూస్తాం" అని వాళ్ళు. "చూశాక రాత్రంతా నా కొంగు పట్టుకుని తిరుగుతారు, వద్దు" అని మనం. "మేమేమన్నా చిన్నపిల్లలమా?" అని వాళ్ళు. ఇక్కడి కొచ్చేసరికి మన దగ్గర జవాబుండదు. కొట్టుకెళ్ళి పెరుగు తెమ్మన్నప్పుడు వాడు పెద్దవాడు, పెద్దల మాటల్లో తలదూర్చినప్పుడు చిన్నవాడు. మన అవసరాన్ని బట్టి వాడి వయసు మారుతూ ఉంటుంది మరి!

మనకే కాదండీ, ఈ లెక్క చాలా ఏళ్ళు ప్రభుత్వం వారికీ తేలలేదు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద మొదట ప్రధానంగా రెండు ముద్రలే ఉండేవి. అందరూ చూడదగ్గదైతే 'యు', పెద్దలకు మాత్రమే అయితే 'ఎ'. 1983లో 'యుఏ' వచ్చింది. పన్నెండేళ్ళలోపు పిల్లలు తల్లిదండ్రుల సలహాతో చూడాలని దాని భావం. బాగానే ఉంది. మరి పన్నెండు దాటి, పద్దెనిమిది నిండని వాళ్ళ మాటేమిటి? వాళ్ళ గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. అమెరికాలో 'ఇండియానా జోన్స్', 'గ్రెమ్లిన్స్' చిత్రాలు చూసి తల్లిదండ్రులు గోలపెడితే, 1984లోనే పదమూడేళ్ళ దగ్గర ఒక గీత గీశారు. మన దగ్గర ఆ గీత 2023 చట్ట సవరణతో గానీ రాలేదు. ఇప్పుడు యుఏలో మూడు మెట్లున్నాయి: ఏడు, పదమూడు, పదహారు.

హమ్మయ్య, మన పని తేలికైందనుకున్నారా? అదే చట్టం ఇంకో మాట కూడా చెప్పింది. ఆ వయసు గుర్తు తల్లిదండ్రులకు దారి చూపడానికేనట. దాన్ని అమలు పరచవలసింది మనమేగాని, హాలు గేటు దగ్గర టికెట్టు చింపే అబ్బాయి కాదు. పైగా పాత సినిమాలకు ఈ కొత్త గుర్తులుండవు. ఓటీటీల్లో పదమూడేళ్ళు, ఆపైన అని గుర్తున్న వాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలుండాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. మా ఇంట్లో ఆ తాళం వేయడం ఎలాగో నాకు నేర్పింది మా అమ్మాయే! కాబట్టి ఎటు తిరిగీ తీర్పు చెప్పవలసిన న్యాయమూర్తులం మనమే.

అయితే దేన్నిబట్టి చెప్పాలి? చాలామంది తల్లులు రక్తం ఎంత కారింది, కేకలు ఎన్ని వినిపించాయి అని చూస్తారు. అది చూడవలసిందే. కానీ నా మటుకు అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. ఈ సినిమా నా బిడ్డకు ఎవరిని చూసి భయపడమని చెబుతోంది? బొమ్మ అయిపోయాక ఆ భయం ఏమవుతోంది?

1951లో వచ్చిన 'పాతాళభైరవి' తీసుకోండి. ఎస్.వి. రంగారావు గారి నేపాళ మాంత్రికుణ్ణి చూసి మూడు తరాల పిల్లలు దుప్పట్లు ముసుగేసుకున్నారు. అయినా ఎవరికీ ఏ కీడూ జరగలేదు. ఎందుకంటే ఆ మాంత్రికుడు మన వీధిలో ఉండడు. పైగా తోటరాముడు మనలాంటి తోటమాలి ఇంటి కుర్రాడు. మంత్రం ముందు తెలివీ ధైర్యమూ నిలబడతాయని తేలుతుంది. పిల్లలు భయపడతారు, గెలుస్తారు, అన్నం తిని పడుకుంటారు. ఏడెనిమిదేళ్ళ వాళ్ళకైనా నిరభ్యంతరంగా చూపించవచ్చు.

1992 నాటి రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' వేరే రకం. ఇందులో కత్తులూ కోరలూ తక్కువ. ఇల్లు, నిశ్శబ్దం, పిల్లిలా అడుగులేసే కెమెరా, రేవతి కళ్ళు, ఇంతే సరంజామా. పనితనం దృష్ట్యా దీన్ని నేను చాలా మెచ్చుకుంటాను. కానీ ఇక్కడొక చిక్కుంది. కోటా గుహా కాకుండా, మధ్యతరగతి వాళ్ళు కాపురానికి దిగిన మామూలు ఇంట్లో భయం పుడుతుంది. చూసినవాళ్ళకు తమ ఇంటి మెట్లే పరాయివవుతాయి. పధ్నాలుగేళ్ళు దాటి, "ఈ చప్పుడు ఎలా చేశారమ్మా?" అని అడగగలిగిన పిల్లకు ఇది మంచి పాఠం. అంతకన్నా చిన్నవాళ్ళకు ఉట్టి నిద్రచేటు.

'చంద్రముఖి' (2005) సంగతి తమాషా అయినది. 1993లో ఫాజిల్ తీసిన మలయాళ చిత్రం 'మణిచిత్రతాళు' దీనికి మూలం. తమిళ చిత్రంలో సైతం ఆ నర్తకి తెలుగామే, ఆమె పాటా తెలుగులోనే. మద్రాసుకు దగ్గరగా ఉన్న మా నెల్లూరు వాళ్ళం దానికి కాస్త గర్వపడ్డాం కూడా! పాపం, మన తెలుగు పిల్ల దెయ్యమైందని మాత్రం ఎవరమూ బాధపడలేదు. ఈ చిత్రంలో మంచి ఏమిటంటే, గంగను పట్టింది దెయ్యం కాదు, మనసుకు వచ్చిన జబ్బు అని చెప్పి, మానసిక వైద్యుణ్ణి రంగంలోకి దింపారు. చికిత్స పేరుతో జరిపే తతంగం ఏ ఆసుపత్రిలోనూ జరగదన్న మాట మనం పక్కనుండి చెప్పాలి. చెప్పగలిగితే పన్నెండేళ్ళ వాళ్ళకు పనికొస్తుంది.

ఇక 'అరుంధతి' (2009). మా వైపు జేజి అంటే నాయనమ్మ. అందుకే జేజమ్మ అన్న పేరు వినగానే మా ఆడపిల్లలకు ఆ కథ సొంతమైపోయింది. చిన్న జేజమ్మగా దివ్య నగేష్ గంభీరంగా ఆజ్ఞ ఇస్తుంటే ఏ తల్లికి ఒళ్ళు పులకరించదు? బనగానపల్లె బంగళాను ఇప్పటికీ జనం అరుంధతి కోట అంటూ చూసి వస్తున్నారంటే కోడి రామకృష్ణ గారి కథ ఎంత లోతుకు వెళ్ళిందో చూడండి. కానీ ఇందులో అసలు భయం సమాధిలో లేదు. బతికున్నప్పుడే పశుపతి స్త్రీల మీద సాగించిన అత్యాచారంలో ఉంది. పదమూడేళ్ళ ఆడపిల్లకు దెయ్యం ఉత్తిదని చెప్పి ఊరడించగలం. అటువంటి మగవాడు ఉత్తిదని చెప్పగలమా? అందుకని పదహారు దగ్గర, తల్లి పక్కన కూర్చుని చూడవలసిన చిత్రం ఇది. చూశాక మాట్లాడుకోవలసిన చిత్రం కూడాను.

'మసూద' (2022) కూడా ఆ కోవలోదే. భర్తకు దూరంగా, ఒక్కతే కూతుర్ని పెంచుకుంటున్న తల్లి. ఆ కూతురు ఒకనాడు తన కూతురిలా ప్రవర్తించడం మానేస్తుంది. టీనేజీ పిల్లలున్న తల్లికి ఇది దెయ్యం కథలా అనిపించదు, దినచర్యలా అనిపిస్తుంది! సంగీత నటనలోని ఆ దిగులు నిజమైనది. అయితే పోను పోను రక్తపాతం ముదురుతుంది. తల్లులు ముందు చూసి, పదహారేళ్ళ వాళ్ళకు తరువాత చూపండి.

నేను గట్టిగా గీత గీసేది ఇంకొక చోట. 2023లో వచ్చిన 'విరూపాక్ష' మొదట్లోనే, క్షుద్రపూజలు చేస్తున్నారన్న అనుమానంతో ఊరివాళ్ళు ఒక జంటను తగలబెడతారు. కథనం బిగువుగా ఉంటుంది, కాదనను. ఆ మూకను సినిమా మెచ్చుకోదు కూడా. కానీ ఆ ఊళ్ళో క్షుద్రవిద్య నిజంగానే పనిచేస్తుంది. ఇప్పటికీ చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టిన వార్తలు పేపర్లో చదువుకుంటున్న మనం, దీన్ని ఊహాలోకం అని ఎలా వదిలేస్తాం?

ఉత్తినే అనడం లేదు. మా మైపాడు వైపు ఒక పాలెంలో ఎండుచేపలు అమ్ముకునే అవ్వ ఉంది. నా అన్నవాళ్ళు లేరు. ఏదో దెయ్యం బొమ్మ చూసొచ్చిన పిల్లలు ఆమె గుడిసె తలుపు మీద రాళ్ళు వేశారు. ఏందిరా ఈ పని అని అడిగితే, "రాత్రిపూట ఒకతే మాట్లాడుకుంటా ఉంటది అత్తా" అన్నాడొకడు. తోడు లేని మనిషి తనతో తాను కాక ఎవరితో మాట్లాడుతుంది? అంతటితో పోలేదు. వారం తిరక్కుండా ఒకరి గేదె చూడు తప్పితే, పెద్దవాళ్ళే ఆ గుడిసె వైపు ఓరగా చూశారు. ఆ పిల్లల తల్లి ఒకావిడ గట్టి మనిషి. కొడుకు చెయ్యి పట్టుకెళ్ళి అవ్వ దగ్గర చేపలు కొనిపించింది. రోజూ వాడే వెళ్ళి తెచ్చేట్టు చేసింది. నెలకల్లా వాడికి అవ్వ మాటలు అర్థమయ్యాయి. చచ్చిపోయిన మొగుడికి ఆ రోజు బేరం లెక్క చెప్పుకుంటోందిట.

అందుకే అంటున్నాను. మాంత్రికుడికి భయపడ్డ పిల్లవాడు తెల్లారేసరికి మామూలవుతాడు. పక్కింటి ఒంటరి మనిషికి భయపడ్డ పిల్లవాడు మామూలవడు, పెద్దవాడయ్యాక రాయి బదులు కర్ర తీసుకుంటాడు.

ఊరిని బట్టి కూడా భయం మారుతుంది సుమండీ. 'దశావతారం' (2008) చివర సునామీ ముంచుకొస్తుంటే ఊళ్ళలోవాళ్ళు గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయని మాట్లాడుకున్నారు. 2004 డిసెంబరు 26న సముద్రం నుంచి పరుగెత్తినవాళ్ళకూ, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను చూసినవాళ్ళకూ అది గ్రాఫిక్స్ కాదు. అటువంటి ఇంటి బిడ్డకు 'యు' ముద్ర ఉన్న అల కూడా ఎక్కువే కావచ్చు. ఏ సెన్సారు సభ్యుడికీ తెలియని ఈ సంగతి తల్లికి తెలుస్తుంది.

చివరగా ఒక్క మాట. 2019లో సూళ్ళూరుపేట దగ్గర 106 అడుగుల తెర కట్టారు. అంత పెద్ద తెర మీద ఎంత పెద్ద దెయ్యం కనబడినా నాకు బెంగలేదు. పక్కన జనం ఉంటారు, ఎవరో ఒకరు ఈల వేస్తారు, ఇంటర్వెల్లో సమోసా తింటారు. దుప్పటి ముసుగులో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుని, జానెడు ఫోనులో ఒంటరిగా చూసే దెయ్యమే ప్రమాదం. దాన్ని తరిమేవాళ్ళెవరూ దగ్గర ఉండరు. కనక పెద్దపిల్లలకు ఏ భయానక చిత్రం చూపించినా హాల్లోనో ముందుగదిలోనో పక్కన కూర్చుని చూపించండి. మధ్యలో మీకే భయమేస్తే వాళ్ళ చెయ్యి పట్టుకోండి. ఆ వయసు పిల్లలు మనల్ని చెయ్యి పట్టుకోనిచ్చే సందర్భాలు ఎలాగూ తక్కువే కదా!